వెనక్కి పోయిన కరెంటు

గాలివాన వెలిసినా కరెంటు రాలేదు. వీధిలో నీళ్ల ట్యాంకులు అడుగంటాయి, ఫోన్లు ఒక్కొక్కటే మూగబోయాయి. లిఫ్టు లేక నాలుగో అంతస్తు ముసలాయన కిందికి దిగడమే మానుకున్నాడు.

అందరికంటే ఎక్కువ హడలిపోయింది కోళ్ల వదిన. భర్త పోయాక గుడ్లు పొదిగించే షెడ్డే ఆ ఇంటికి ఆధారం. పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చే వేళకి పొదిగే మిషన్ ఆగిపోయింది. వేడి తగ్గితే పెంకులోనే చచ్చిపోతాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మిషన్ మీద కప్పింది. కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి గుడ్ల పక్కన పెట్టింది.

పొద్దున లైన్‌మన్ నిచ్చెన భుజాన వేసుకుని షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే గుమ్మంలోకి వచ్చింది.

"ఏమయ్యా, ఇవాళైనా వస్తుందా?"

"మలుపులో తీగ తెగింది వదినా. అది కట్టేస్తే వచ్చేస్తుంది. కాస్త ఓపిక పట్టు."

"నాకుంది ఓపిక. గుడ్లకే లేదు."

"నేనొస్తున్నానని వాటికి చెప్పు మరి," అని నవ్వుకుంటూ పోయాడు.

అతను స్తంభం ఎక్కిన కాసేపటికి ఆమె మరిది వెల్డింగ్ షాపు జనరేటర్‌ని తోపుడుబండి మీద తెచ్చాడు. హడావిడిగా బోర్డుకి వైరు తగిలించాడు.

"మెయిన్ స్విచ్ దించావా?" అని వదిన లోపలి నుంచి కేకేసింది.

"ఆ ఆ, అన్నీ చూశాలే!"

జనరేటర్ గుర్రుమంది. మిషన్‌లో బల్బులు వెలిగాయి. ఒక గుడ్డు చిట్లి, తడి ముక్కు బయటికొచ్చింది. రెండు రోజుల తరవాత వదిన మొదటిసారి నవ్వింది.

అప్పుడే మలుపులో కేకలు వినిపించాయి.

ఆమె వెళ్లేసరికి లైన్‌మన్ స్తంభం కింద పడి ఉన్నాడు. అరచేతులు నల్లగా కమిలిపోయాయి, ఊపిరి లేదు. పక్కన అతని ఆఫీసరు తల పట్టుకుని, "లైను ఆపే ఉందయ్యా, నేనే ఆపించాను. మరి కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది?" అంటున్నాడు.

జనరేటర్ చప్పుడు అక్కడిదాకా వినబడుతోంది. అందరి తలలూ షెడ్డు వైపు తిరిగాయి. మెయిన్ దించకపోవడంతో షెడ్డులోని కరెంటు వీధి తీగల్లోకి ఎదురు పాకింది.

మరిది పరుగెత్తి జనరేటర్ ఆపాడు. తిరిగొచ్చాడు. "దించాననే అనుకున్నా వదినా... ఒట్టు..."

లైన్‌మన్ భార్య పక్క వీధి నుంచి చెప్పులు లేకుండా వచ్చింది. భర్త ముఖం తుడిచి, ఎవరినీ చూడకుండా అడిగింది: "ఎవరు వేశారు?"

"మా మరిది వేశాడమ్మా. తెమ్మన్నది నేనే," అంది వదిన. "మెయిన్ నేను వెళ్లి చూసుకోవాల్సింది. చూడలేదు."

లైన్‌మన్ భార్య తలెత్తింది. "బతికాయా మరి, మీ పిల్లలు?"

అవి బతికాయి, దాదాపు అన్నీ.

మరిదిని సాయంత్రమే పోలీసులు తీసుకెళ్లారు. మర్నాడు వేరే మనుషులొచ్చి తీగ కట్టారు.

వదిన చావింటికి వెళ్లింది గానీ గడప దాటలేక బయటే నిలబడింది. ఉన్నట్టుండి వీధంతా మోటార్లు మోగాయి. ఎవరి ఇంట్లోనో పిల్లలు "వచ్చిందోయ్!" అని అరిచారు. లోపల, శవం చుట్టూ కూర్చున్నవాళ్ల తలల మీద ఫ్యాను మెల్లగా తిరగడం మొదలైంది. అందరూ ఒకసారి పైకి చూశారు. ఎవరూ లేచి ఆపలేదు. చాలా ఉక్కగా ఉంది.