సభలో ఇల్లు చేరిన బాబావలి

బాబావలి మామ ఇల్లు చేరాలంటే జరగాల్సిన పనులు ఇవి: వీసా ఇచ్చిన సౌదీ యజమాని, అంటే కఫీల్, పెట్టిన 'పారిపోయాడు' కేసు ఎత్తివేయించాలి. గడువు దాటిన నివాస కార్డు, ఇఖామా, సరిచేయించాలి. దేశం విడిచి వెళ్లేందుకు ఎగ్జిట్ కొట్టించాలి. టికెట్ తీయాలి. ఇవేవీ కదలకపోతే, మన ఎంపీ చేత సభలో మంత్రిగారిని ఒక ప్రశ్న అడిగించాలి.

మొదటి నాలుగూ కదలలేదు.

మామ హాయిల్ దగ్గర గోధుమ పొలాలకు నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. సెలవు అడిగినందుకు కఫీల్ కేసు పెట్టాడు. అప్పటినుంచి రియాద్‌లో, మలాజ్‌లోని మా గదిలో తలదాచుకున్నాడు. రాయచోటిలో ఆయన భార్య రహమత్‌బీకి గుండె ఆపరేషన్ చేయాలి. ఆలస్యమైతే కష్టమన్నారు డాక్టర్లు. ఆమె మాత్రం "నువ్వొస్తేనే కోయించుకుంటా, లేకుంటే ఇట్లనే పోతా" అని కూర్చుంది.

మా గదిలో డిగ్రీ చదివింది నేనొక్కణ్నే. మా ఇంట్లోనూ నేనే మొదటివాణ్ని. ప్రశ్న రాసే పని నాకే వచ్చింది.

రాసి పంపితే ఎంపీగారి మనిషి ఫోన్ చేశాడు. "మంత్రిగారికి థ్యాంక్స్ చెప్తూ ఒక వీడియో కూడా పంపండి." గల్ఫ్ నుంచి ఇల్లు చేరినవాళ్లంతా చేసే వీడియోనే.

"పని కాకముందే థ్యాంక్సా?" అన్నాను.

"ముందుగాల చెప్తేనే పెద్దోళ్లకు జర శరమైతది భరణన్నా," అన్నాడు అల్తాఫ్. హైదరాబాద్ వాడు, సెల్‌ఫోన్ల షాపులో పని. తన నీలం చొక్కా తెచ్చి మామకు తొడిగి, గోడ దగ్గర నిలబెట్టాడు. పాత ఏసీ గరగరలాడుతూ ఉంటే మామ చేతులు జోడించాడు.

"మంత్రిగారి దయతో నేను క్షేమంగా ఇల్లు చేరినాను. అందరికీ సలాం."

సభ జరిగిన రోజు శుక్రవారం. రైస్ కుక్కర్‌కు ఫోన్ ఆనించి అందరం చుట్టూ కూర్చున్నాం. రోడ్ల గురించి ఒక మంత్రి, రేషన్ గురించి ఇంకొకరు జవాబులిచ్చారు. తర్వాత మా వంతు. మంత్రిగారు కాగితం మీంచి తల ఎత్తలేదు. "సదరు బాబావలి క్షేమంగా ఇల్లు చేరారు. వారి వీడియో కూడా మా దగ్గరుంది." బల్లలు చరిచారు.

"చాచా, ఎప్పుడు పోయినవ్? దావత్ ఇయ్యకుండనే!" అన్నాడు అల్తాఫ్.

"పోయిందే మేలు. నీ చేతి పప్పు తప్పింది," అన్నాడు మామ. గదంతా నవ్వింది.

ఆ వార్త విని రహమత్‌బీ ఆశపడుతుందేమోనని వెంటనే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"అమ్మా, మంత్రి చెప్పింది నమ్మొద్దు..."

"మంత్రి ఏం చెప్పినాడో నాకేం తెలుసు సారూ! మనిషే వచ్చినాడు గదా. ఇందాక తలుపు తీస్తే నిలబడుకోనుండాడు."

"ఎవరు?"

"ఇంకెవురు, మా ఇంటాయన. నీలం చొక్కా ఏసుకోనుండాడు, విప్పమంటే విప్పడు. ఏమడిగినా అదే మాట. అలిసిపోయినాడు పాపం. ఇదో, నువ్వే మాట్లాడు."

మామ గొంతే వచ్చింది. "మంత్రిగారి దయతో నేను క్షేమంగా ఇల్లు చేరినాను. అందరికీ సలాం." వెనకాల మా ఏసీ గరగర. ఇక్కడ మా ఏసీ ఆపి ఉంది.

"ఇంగ భయం లేదు సారూ," అంది రహమత్‌బీ. "రేపే కర్నూలు పోతాం ఆపరేషన్‌కు."

"అమ్మా, వలీ మామ ఇక్కడే..." అనబోయాను. మామ చెయ్యి చాచి ఫోన్ కట్ చేశాడు.

"చెప్పొద్దు అబ్బీ."

"మామా, ఇంట్లో ఉన్నది ఎవరో ఏమో!"

"ఎవురైతేనేం. వాడు పక్కనుంటే ఆపరేషన్‌కు ఒప్పుకుంటాంది. నేనీడుండానని తెలిస్తే మళ్లా మొండికేస్తాది. కానీలే. అయ్యేదాకా వాణ్నే ఉండనీ."

ఆపరేషన్ బాగా జరిగింది.

ఈలోగా ఎంబసీ కౌంటర్ల చుట్టూ తిరిగాం. "ఈయన వెళ్లిపోయారు కదా," అన్నారు నాతో. నా పక్కనే నిలబడ్డ మామను దాటి చూస్తూ అన్నారు. ఎవరైనా ఎగ్జిట్ మీద వెళ్తే వాళ్ల పరుపును గోడకు నిలబెట్టడం మా గదిలో అలవాటు. మామ పరుపును ఎవరో నిలబెట్టారు. ఆయన పరుచుకుని పడుకునేవాడు, తెల్లారి లేచేసరికి అది మళ్లీ నిలబడి ఉండేది. ఒక మధ్యాహ్నం అల్తాఫ్ అందరికీ అన్నం వడ్డించి గిన్నె కడగబోయాడు.

"మరి చాచాకు?" అన్నాను.

"ఏ చాచా అన్నా?"

ఎగతాళి కాదు. మామ వాడి ఎదురుగానే ప్లేటు పట్టుకుని ఉన్నాడు. నా అన్నంలో సగం ఆయన ప్లేటులో వేశాను.

ఇంకో ప్రశ్న అడిగించమని ఎంపీగారి మనిషిని బతిమాలాను. "జవాబొచ్చిన ప్రశ్న మళ్లీ అడగనియ్యరు బాబూ," అన్నాడు.

నిన్న సాయంత్రం నా పక్కన ఎవరో కూర్చున్నారని తెలిసింది, పేరు మాత్రం నోటికి రాలేదు. చాలాసేపు చూసి ఆయనే చెప్పాడు.

"బాబావలి, అబ్బీ."

రహమత్‌బీ లేచి నడుస్తోందట అని చెప్పాను. "నడవనీ," అని నవ్వాడు. నవ్వు కనిపించింది, వినిపించలేదు.

రేపు నాకు కూడా గుర్తుండకపోవచ్చు. అందుకే రాస్తున్నాను. ఆయన పేరు బాబావలి. ఊరు రాయచోటి. హాయిల్‌లో ట్యాంకర్ నడిపాడు. ఆయన ఇంకా ఇల్లు చేరలేదు. చదివినవాళ్లు దయచేసి ఆయన్ను గుర్తుపెట్టుకోండి.