మగ్గాల వీధిలో చెవిటివాళ్లు లేరు

తెగిన పడుగు పోగును నాలుకతో తడిపి, రెండు వేళ్ల నడుమ మెలిపెట్టి ముడివేశాడు ఏకాంబరం. మీట లాగగానే మరమగ్గం తిరిగి గర్జించింది. ఆ గర్జన అతని చెవులకు చేరి చాలా ఏళ్లయింది. ఇప్పుడది అరికాళ్లలో మొదలై మోకాళ్ల దాకా పాకుతుంది, అంతే.

నగరి ఊళ్లోని ఆ రేకుల షెడ్డులో మాట నోట పుట్టి కంట చేరుతుంది. మగ్గాల మోత మధ్య పాతికేళ్లు గడిపిన వాళ్లంతా ఎదుటివాడి మూతి కదలిక చూసి సంభాషించే మహావిద్యలో పారంగతులు. మాట్లాడేవాడి ముఖం మీంచి చూపు తిప్పుకోవడం అక్కడ మహాపరాధం. వాకిట్లోకి వచ్చినవాడి ముఖాన తలుపు వేసినట్టు.

భార్య చౌడేశ్వరమ్మ సంగటి గిన్నెతో వచ్చి ఎదురుగా నిలబడింది. పొట్టి మనిషి, నూలు కండెలు చుట్టి చుట్టి కాయలు కాసిన వేళ్లు. పెదవులు విప్పార్చి అంది:

"ఈపొద్దు చెవుల క్యాంపుకి పోవాల. మరిసినావా?"

"యాడ మరుస్తాను? నువ్వు మరవనిస్తే కదా."

"డాక్టరు అడిగేటప్పుడు ఆయప్ప మూతి సూడొద్దు. తల కిందికేసుకోని గమ్మునుండు. సూసి జవాబు సెప్తివంటే, అన్నీ ఇనపడతాండాయని రాసిపారేస్తాడు."

"పెద్దమనిషి మాట్లాడతాంటే తల దించుకునేదా? ఏమనుకుంటాడే?"

"ఏమన్నా అనుకోనీ. మొన్న నేను దొడ్లో రొమ్ము పట్టేసి కూలబడితే ఎన్ని తూర్లు పిలిసినాను నిన్ను? నువ్వు అరుగు మీద కూసోని బీడీ తాగతా ఉండావు. పోనీ పక్కింటోళ్లన్నా వచ్చిరా? ఈ వీధిలో పిల్లోళ్లకి తప్ప ఎవురికి ఇనపడతాది? వాళ్లేమో బడికి పోయుండారు."

పక్క మగ్గం మీది మురుగేష్ ఇదంతా కళ్లతోనే విని నవ్వాడు. "వదినా, అన్నకి చెవి మిషను వచ్చిందంటే నీ తిట్లు కూడా ఇనపడతాయి. బాగా యోచన సేసుకో."

"ఇనపడాలనే కదబ్బా పంపిస్తా ఉండేది," అంది ఆమె. నవ్వలేదు.

శిబిరం ఒక పాఠశాల ఆవరణలో, రంగుల షామియానా కింద కొలువుదీరింది. గోడకు తగిలించిన నిలువెత్తు పటంలో, వినికిడి సహాయం అవసరమైన వారి వయోవిభాగాలు రంగు స్తంభాలుగా వెలిశాయి. పసివారికి ఒక పొట్టి స్తంభం, వృద్ధులకు గాలిగోపురమంతటిది. ముప్పైకీ అరవైకీ మధ్య పచ్చని మైదానం. శ్రమించే ప్రాయంలోని ప్రజానీకం సంపూర్ణారోగ్యంతో అలరారుతున్నదని ఒక అధికారి మైకులో పులకించిపోతున్నాడు.

ఆ మైదానం ఎలా చదునైందో అతనెన్నడూ ఎరుగడు. సర్వే సిబ్బంది మగ్గాల వీధికి పట్టపగలు వచ్చారు. "మీ ఇంట్లో చెవిటివాళ్లున్నారా?" అని గడపగడపనా అడిగారు. ప్రతి ఇల్లాలూ ఆ ప్రశ్నను వారి పెదవుల మీద తప్పు లేకుండా చదివి, లేరని చెప్పింది. అబద్ధం కాదు. నలభై ఏళ్లకు మగ్గం చెవులు రావడం ఆ వీధిలో తల నెరవడం లాంటిది. నెరిసిన తలను రోగమని ఎవరు చెప్పుకుంటారు?

వినికిడి కొలిచే యంత్రం మరమ్మతులో ఉన్నందున, శాస్త్రం ఆనాడు నోటి ప్రశ్నలతో సరిపెట్టుకుంది. ఏకాంబరం తల వంచుకుని నిలబడ్డాడు. బల్ల అవతల డాక్టరు పేరు అడిగి ఉంటాడు, ఊరు అడిగి ఉంటాడు. ఏకాంబరం తన కాలి బొటనవేలినే చూస్తూ ఉండిపోయాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఒక పెద్దమనిషిని ఇంతగా అవమానించడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆగలేక ఒక్కసారి కళ్లెత్తాడు.

సరిగ్గా అప్పుడే డాక్టరు, "అలసిపోయినట్టున్నావు, కూర్చోవయ్యా," అంటున్నాడు.

"వద్దులే సార్. నిలబడే పని మాది, అలవాటే," అన్నాడు ఏకాంబరం.

డాక్టరు నవ్వాడు. "చెవిటివాడివి కదా, నా మాటెట్లా వినబడింది?"

"మీ మూతి సూసినాను సార్."

"వయసెంత?"

"నలభై ఎనిమిది."

"చెవులు పోయే వయసు కాదిది. అరవై దాటాక రా, చూద్దాం."

"మూతికి చెయ్యి అడ్డం పెట్టుకోని ఒక మాట అడగండి సార్. అప్పుడు తెలుస్తాది."

వరుసలోని వాళ్లు పగలబడి నవ్వారు. డాక్టరు ముఖం గంటు పెట్టుకుని తరవాతి మనిషిని పిలిచాడు. సర్వవైద్యశాస్త్రం తన అరచేతిని అరక్షణం పెదవుల ముందు నిలిపి ఉంటే సరిపోయేది. అంతటి వ్యయానికి ఆ రోజు శాస్త్రం సిద్ధంగా లేదు.

ఏకాంబరం ఇల్లు చేరేసరికి ఎండ నెత్తి మీద ఉంది. తలుపు తీసే ఉంది. లోపలికి పోతే తిట్లు తప్పవని అరుగు మీద కూలబడి బీడీ వెలిగించాడు. ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు: 'పెద్దాయన కూసోమన్నాడే, జవాబు సెప్పకుండా ఎట్లుండేది?' అది బాగాలేదనిపించి, ఇంకొకటి అల్లాడు. బీడీ చివరిదాకా కాలింది. వీధి పొడుగునా మగ్గాలు అతని కాళ్ల కింద అదురుతూనే ఉన్నాయి.

చివరికి లేచి లోపలికి వెళ్లాడు. వంటింట్లో ఆమె లేదు. దొడ్డి తలుపు దాటగానే, పిట్టగోడకు అవతల నూలు చిలపలు ఆరేస్తున్న పక్కింటి మునిలక్ష్మి కనిపించింది. అతన్ని చూసి నవ్వుతూ పెదవులు కదిపింది. "ఏమన్నా, మిషను ఇచ్చినారా?"

అతని చూపు ఆమె మూతి మీంచి కిందికి జారింది. గోడకు ఇవతల, మునిలక్ష్మికి కనబడని చోట, బట్టలుతికే బండకు ఆనుకుని చౌడేశ్వరమ్మ కూర్చుని ఉంది. తల ఒక పక్కకు వాలింది. ముంజేయి పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది, నాడి లేదు. వయసు నలభై నాలుగు. పటంలోని పచ్చని మైదానంలో ఆమె కూడా ఒక ఆరోగ్యవంతురాలు.

ఆమె కుడిచేతి పక్కన ఇత్తడి చెంబు పడి ఉంది. దాని అంచు చుట్టూ ఒకదాని మీద ఒకటి కొత్త సొట్టలు, ఆ సొట్టల్లో బండరాతి తెల్లటి పొడి.