ఎంచుకునే వంతు

ఆ టైలరింగ్ షాపులో ఇద్దరే మనుషులు, ఇద్దరూ తోడికోడళ్ళు. పెద్దామె చేత్తో కాజాలు కుడుతుంది, చిన్నామె మిషను తొక్కుతుంది. ఇరవై ఆరేళ్ళుగా వాళ్ళ మధ్య మాటా మాటా పెరక్కుండా కాపాడింది ఒకటే పద్ధతి. ఏదైనా సరే, ఒకరు రెండు వాటాలు వెయ్యాలి, రెండోవాళ్ళు ముందు ఎంచుకోవాలి. కేకు ముక్క దగ్గర్నుంచి కిటికీ పక్క కుర్చీ దాకా అంతే.

ఈమధ్య ఇద్దరికీ వేళ్ళ కీళ్ళు వాచాయి. మిషను కాలితో నడిచేదే కాబట్టి చిన్నామె ఎలాగో నెట్టుకొస్తోంది. పెద్దామె సంగతి అలా కాదు. ఆమె కాజాల కోసమే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు. సూది పట్టలేని రోజు వస్తే తను షాపులో ఏం చేస్తుంది, గుండీలు తుడుస్తూ కూర్చుంటుందా? ఆ భయం ఆమెని నిలువనివ్వడం లేదు.

అప్పుడే ఆసుపత్రిలో ఒక పరీక్ష మొదలైంది. తినే సముద్రపు నాచు వాపునీ నొప్పినీ తగ్గిస్తుందా అని చూస్తారట. సగంమందికి నాచు పొడి, సగంమందికి రంగు కలిపిన ఉత్త పిండి. ఎవరిది ఏదో మూడు నెలల దాకా చెప్పరు. ఇద్దరూ పేర్లు రాయించుకున్నారు. చిన్నామె వెళ్ళి నంబర్లు వేసిన ఇద్దరి డబ్బాలూ తెచ్చి బల్ల మీద చెరో పక్కా పెట్టింది. పెట్టింది తను కాబట్టి ఎంచుకునే వంతు పెద్దామెది.

పెద్దామె రెండు మూతలూ తీసి వాసన చూసింది. ఒకటి గుప్పున నీసు కొట్టింది. రెండోదానికి వాసనే లేదు.

"ఇది నాది," అంది నీసుదాన్ని లాక్కుని.

"అక్కా, దాని మీద నా నంబరుంది."

"నంబరు వాళ్ళది. వంతు నాది."

చిన్నామె రెండోది తీసుకుంది.

పెద్దామె రోజూ ముక్కు మూసుకుని ఆ పొడి నీళ్ళలో కలుపుకుని తాగింది. వేళ్ళ వాపు ఇసుమంత కూడా తగ్గలేదు. కానీ ఏరికోరి లాక్కున్నది పనిచెయ్యలేదని ఏ మొహం పెట్టుకుని చెప్తుంది? "నాకు బ్రహ్మాండంగా ఉంది," అనేది పొద్దున్నే. "నాకేం తేడా లేదక్కా," అని మూలిగేది చిన్నామె. ఆ మూలుగు విన్నప్పుడల్లా పెద్దామెకి ప్రాణం చివుక్కుమనేది. అసలు మందు చిన్నదాని చేతిలోంచి లాక్కుని తనూ బాగుపడలేదు, దాన్నీ బాగుపడనివ్వలేదు.

చివరి రోజు ఇద్దరూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. పెద్దామె ఉండబట్టలేక డబ్బాల సంగతంతా కక్కేసింది. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"ఇక మీ ఇద్దరి పేర్లూ కొట్టెయ్యాలి. ఇంతకీ నీసుదే ఎందుకు తీసుకున్నారు?"

"నాచంటే వాసన రావాలిగా."

"నాచుకి వాసన పోయేలా శుభ్రం చేశామండీ. ఉత్త పిండిని ఎవరూ పసిగట్టకూడదని దానికి మేమే నీసు కలిపాం. కాస్త ఎక్కువే పడింది."

వారం వారం ఇద్దర్నీ విడివిడిగా అడిగి, నొప్పి పదికి ఎంతో రాసుకున్న కాగితాలు డాక్టరమ్మ తిరగేసింది.

"మీరు మొదట్నుంచీ ఎనిమిదే అన్నారు. ఈవిడకి అయిదో వారం నుంచి మూడు. ఈవిడొక్కరికి తగ్గినంత మాత్రాన నాచు వల్లే అని చెప్పలేను. మిగతావాళ్ళందరివీ చూడాలి."

అంటే డాక్టరమ్మకి ఇద్దరూ నిజమే చెప్పారు. అబద్ధాలన్నీ ఇంట్లోనే ఖర్చుపెట్టుకున్నారు.

"మరి రోజూ ఆ మూలుగేంటే?" అంది పెద్దామె దారిలో.

"నా వేళ్ళు బాగున్నాయంటే కాజాలు నాకప్పజెప్పి నువ్వు ఇంట్లో కూర్చుంటావని భయమేసిందక్కా. నీకు తగ్గలేదని నాకు తెలీదా? నీ సూదిలో దారం ఎక్కిస్తున్నది నేనేగా."

పెద్దామెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

షాపులో బల్ల మీద కోటు పరిచి ఉంది, ఎనిమిది కాజాలకి సుద్దతో గుర్తులు పెట్టి. పెద్దామె సుద్దముక్క తీసుకుని, మెడ దగ్గరి గుర్తు కింద అడ్డంగా గీత గీసింది. పైన ఒకటి, కింద ఏడు.

"వాటాలు వేశాను. ఎంచుకో."

చిన్నామె కాసేపు ఆ గీతనే చూసింది. చూసేవాళ్ళ కన్ను ముందు పడేది ఆ పైదాని మీదే. కోటు కింది భాగం తన ఒళ్ళోకి లాక్కుంది. సూదిలో దారం ఎక్కించి పెద్దామె చేతికిచ్చింది.

"ముందు నీది కుట్టక్కా. ఎంతసేపైనా ఫర్వాలేదు, నేను ఆగుతా."