పిల్లికి మాత్ర

ధర్మవరంలోని ధనుంజయ ఇంట్లో మరమగ్గం పెట్టాక దాని మోతకు పిల్లి బెదిరిపోయి, నేసిన పట్టుచీరల మీద ఉచ్చ పోయసాగింది. అతను దాన్ని పశువుల డాక్టరుకు చూపించాడు. ఆయన భయం తగ్గే మాత్రలు రాశాడు.

"భయం కూడా జబ్బేనంట. మందుకు తగ్గుతాదంట," అన్నాడు ధనుంజయ, మాత్రను మెత్తగా నూరుతూ.

భార్య సుధ చేతికి మూడు తాయెత్తులున్నాయి. గుండెదడని, నిద్ర రాదని ఆమె చెప్పినప్పుడల్లా అతను ఒకటి కట్టించాడు.

"నన్ను డాక్టరు కాడికి తీసకపొమ్మంటే ఏమంటివయ్యా?"

"ఈదిలో పిచ్చిదంటారని."

"మరి పిల్లినేమంటారు?"

"అది చీరలు పాడు చేస్తాండాది గదే!"

సుధ చెప్పులేసుకుని ఆస్పత్రికి బయలుదేరింది. ధనుంజయ వెనకే నడిచాడు. ఎదురైనవాళ్లకు మాత్రం షుగరు పరీక్షకని చెప్పాడు.