సున్నా చుట్టని తారీఖు

విమలాదేవికి కోడలి నెలసరి తారీఖు కోడలి కంటే ముందే తెలుస్తుంది. వంటింట్లో ఉప్పు జాడీ పైన, తమ దుకాణం పేరు అచ్చు వేయించిన క్యాలెండర్ ఒకటి వేలాడుతుంటుంది. దాని పక్కనే మేకుకు దారంతో కట్టిన పెన్సిలు. గ్యాస్ బండ వచ్చిన రోజు, పాలవాడు నాగా పెట్టిన రోజు, ఆశ్రిత బయటైన రోజు, అన్నిటికీ అదే పెన్సిలు, అదే సున్నా. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆశ్రిత ఆ సున్నాలు చూసి సిగ్గుతో చచ్చిపోయేది. మామగారు దాని ముందే నిలబడి మంచినీళ్లు తాగేవాడు మరి. తర్వాత అలవాటైంది. అలవాటైందంటే సిగ్గు పోయిందని కాదు, అటు చూడటం మానేసింది. నెలకు మూడు రోజులు మెట్ల పక్క గదిలో చాప, విడిగా ఒక కంచం, ఒక చెంబు. ఆ మూడు రోజులూ ఎవరూ పిలవరు, ఎవరూ తాకరు, ఎక్కడున్నావని కూడా అడగరు. వంట అత్త చేస్తుంది, కూతురు బన్నీని బడిలో దింపేది వాళ్ల నాన్న. నాలుగో రోజు తలంటుకుని వంటింట్లోకి వచ్చేసరికి మూడు రోజుల గిన్నెలు ఆమె కోసం వేచి ఉంటాయి.

ఆషాఢంలో ఒక పొద్దున ఆశ్రిత గోరుచిక్కుడు ఈనెలు తీస్తుంటే అత్త ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"లెక్క జూస్తె ఈపారి నీది బోనాలకాడికే వస్తది" అంది. "బోనమెత్తేనాడు నువ్వు బయటైతే ఎట్ల? ఇంటి కోడలు ఉండంగ ఇంకెవలెత్తుతరు?"

కొంగుకు కట్టుకొచ్చిన గోలీల పట్టీ విప్పి చిక్కుడుకాయల మధ్య పెట్టింది. నెలసరిని వెనక్కి నెట్టే గోలీలు. పండుగలకూ వ్రతాలకూ ఈ గల్లీలో ఇవి మింగని ఆడది లేదు. "దినాం మూడు. ఇయ్యాల్టి సందే ఏస్కో, ఫికరుండదు. ఇంకేమన్న గోలీలు మింగుతుంటె బంద్ వెట్టు. రెండు తీర్లయి ఒక్కపారి మింగితే పెయ్యి ఖరాబైతది."

"నేనేం మింగుత అత్తమ్మా" అంది ఆశ్రిత, కాయల మీంచి తలెత్తకుండా.

మింగుతోంది. రెండేళ్లుగా మింగుతోంది. బన్నీ కడుపులో ఉండగా తొమ్మిదో నెలలో ఆమెకు మూర్ఛలు వచ్చాయి. నాలుక కొరుక్కుపోయి, కళ్లు పైకి తేలేసి, మూడు రోజులు ఈ లోకంలో లేదు. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. పాప ఆరోగ్యంగా ఉంది అని ఒకటి. ఇంకో కాన్పంటే ఈమె ప్రాణం మీదికి రావచ్చు, నాకు చెప్పకుండా ఆ ఆలోచన కూడా చేయకండి అని రెండోది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపు ఆ రెండో మాట దారిలో ఎక్కడో జారిపోయింది. పుట్టింది ఆడపిల్ల అన్నది మాత్రం ఎవరూ జారవిడుచుకోలేదు. ఆమె భర్త అభిషేక్‌కు ఎన్నిసార్లు గుర్తు చేసిందో. ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు, ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం వాళ్లది. మధ్యాహ్నం అన్నానికి వస్తే అతని చొక్కా నుంచి వచ్చే మిరప ఘాటుకు ఆమెకు తుమ్ములు ఆగవు. "గప్పటి ముచ్చట గప్పుడే. గిప్పుడు మస్తు మంచి డాక్టర్లున్నరు" అనేవాడు. కనీసం నువ్వన్నా జాగ్రత్త పడు అంటే, "నేనేమన్న బయట తిరిగెటోన్నా, గవి వాడనీకి?" అని కంచంలో చేయి కడిగేసుకున్నాడు. అత్త ఒకటే మాట, రోజుకు మూడుసార్లు. "దుకాణం జూస్కునేటోడు ఒక్కడన్న ఉండాలె గద బిడ్డా."

అందుకని ఎవరికీ చెప్పలేదు. బన్నీకి టీకాలు వేయించడానికి పురానాపూల్ దగ్గరి సర్కారు దవాఖానాకు వెళ్లినప్పుడు, నర్సు రాహేలుకు చెప్పుకుని ఏడ్చింది. రాహేలు బి.పి. చూసి, అంతా సరిగ్గా ఉందనుకున్నాక, చిట్టీ మీద కడుపు రాకుండా ఆపే గోలీల పేరు రాసిచ్చింది. బయటైన ఐదో రోజున మొదలుపెట్టు, ఇరవై ఒక్క రోజులు ఆపకుండా వేసుకో అని చెప్పింది. ఆశ్రిత వాటిని చార్మినార్ దాకా వెళ్లి, తన మొహం ఎరగని మెడికల్ షాపులో కొనేది. లాడ్‌బజార్‌లో పెళ్లికి కొన్న లక్కగాజుల డబ్బా అడుగున, బన్నీ నోటుబుక్కు నుంచి చింపిన కాగితంలో ఉండచుట్టి దాచేది. ఈ ఇంట్లో తన పుట్టింటి నుంచి వచ్చినవి ఆ గాజులొక్కటే. వాటి జోలికి ఎవరూ రారని ఆమె ధీమా.

అత్త గోలీలు ఇచ్చిన రోజు ఆమె చాలాసేపు ఆలోచించింది. ఇవీ ఆపేవే, అవీ ఆపేవే. రెండిటి పనీ ఒకటే అయినప్పుడు రెండూ ఎందుకు, నిజంగానే ఒళ్లు పాడైతే? అడుగుదామంటే పండుగ పని మీద పడింది. ఇల్లు దులపడం, ఇత్తడి తోమడం, ఆడపడుచుల పిల్లలకు పక్కలు పరవడం. దవాఖానాకని రెండు గంటలు బయటికి వెళ్లాలంటే నలుగురికి జవాబు చెప్పాలి. తొమ్మిది గోలీలు మిగిలిన పట్టీని గాజుల కిందే వదిలేసి, అత్త ఇచ్చినవి వేసుకోవడం మొదలుపెట్టింది. ఒక్క పూట కూడా తప్పలేదు. ఆ విషయంలో అత్త కూడా తప్పలేదు. మూడు పూటలా మంచినీళ్ల గ్లాసు తనే అందించింది.

బోనాలు బాగా జరిగాయి. తల మీద కుండ, కుండ మీద దీపం, గల్లీ అంతా తడి పసుపు. అడుగు తీసి అడుగు వేస్తుంటే మెడ నరాలు లాగేశాయి. "కోడలంటే గిట్లుండాలె" అని ఎవరో అన్నారు, అత్త విని పొంగిపోయింది. సోమవారం నుంచి ఆశ్రిత అత్త ఇచ్చిన గోలీలు ఆపేసింది. నాలుగైదు రోజుల్లో అయిపోతుంది, ఐదో రోజున తన పట్టీ కొత్తది మొదలుపెడదామనుకుంది. ఆమెకు తెలిసిన లెక్క అదే, బయటైతేనే మొదలు. వారం గడిచింది, కాలేదు. మొదలుపెట్టలేదు. రెండో వారం గడిచింది. ఈలోపు అభిషేక్ ఏ రోజూ ఆగలేదు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి, చెబితే రెండేళ్ల సంగతీ చెప్పాలి. ఆమె గోడవైపు తిరిగి పడుకుని రోజులు లెక్కపెట్టుకునేది.

మూడో వారంలో ఇల్లు మెత్తబడింది. దాంతో ఆశ్రితకు నిజంగా భయం పట్టుకుంది. నల్లా దగ్గర బిందె ఎత్తబోతే "ఉండనియ్, నేను దెస్త" అంది అత్త. ఏడేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. బట్టలు పిండడానికి మనిషిని మాట్లాడింది. పొద్దున్నే గ్లాసెడు పాలు, అందులో ఎర్రగా కుంకుమపువ్వు రేకులు. ఏమీ అడగదు, నవ్వుతుంది, క్యాలెండర్ వైపు చూస్తుంది. సున్నా పడాల్సిన తారీఖు దాటి ఇరవై రోజులు ఖాళీగా ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం తింటూ అభిషేక్ కూడా నవ్వాడు. "ఏమన్న చెప్పెడిదుందా నాకు? అమ్మ ఊకె మురుస్తున్నది" అన్నాడు. ఆశ్రిత చారు వడ్డించింది. కొంచెం బల్ల మీద ఒలికింది. అతను "పర్వాలేదు తియ్" అన్నాడు. ఇంకోరోజైతే కళ్లు కనపడతలెవ్వా అనేవాడు.

మర్నాడు పొద్దున, బన్నీని బడికి తయారు చేశాక, దవాఖానాలో పట్టీ చూపించడానికని గాజుల డబ్బా తీసింది. గాజులు తీసి అడుగున చేయి పెట్టింది. కాగితం బన్నీ నోటుబుక్కుదే. కానీ తను ఉండచుట్టిన కాగితం ఇప్పుడు నాలుగు మూలలూ మడిచి, చక్కని పొట్లమై ఉంది. పైన పురికొస. రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపిన ముడి. పెళ్లయిన కొత్తలో పదేళ్లు దుకాణంలో కూర్చుని పొట్లాలు కట్టానని విమలాదేవి గొప్పగా చెప్పుకుంటుంది. ఈ ఇంట్లో మందులైనా, పసుపైనా, దేవుడి విభూతైనా ఆ చేయి పడితే అలాగే కట్టి ఉంటుంది. విప్పింది, చూసింది, అలవాటుగా కట్టేసింది.

ఆశ్రిత మంచం అంచున కూర్చుండిపోయింది. ఎప్పుడు చూసింది? బోనాల తర్వాతా? కాదు. ఇంకేమన్న గోలీలు మింగుతుంటె బంద్ వెట్టు. చిక్కుడుకాయల మధ్య ఆ మాట అన్నప్పుడు అత్త తన మొహంలోకి కాదు, తన చేతుల్లోకి చూసింది. జలుబు గోలీల గురించి అంటోందనుకుంది తను. ఎంత మంచిదానివే ఆశ్రితా, ఎంత చెప్పిన మాట వింటావే. మూర్ఛలు వచ్చిన రోజు తన కాళ్లు పట్టుకున్నది కూడా ఆ చేతులే కదా. చూసింది కదా, కళ్లారా చూసింది కదా. చూసి కూడా మూడు పూటలా నీళ్ల గ్లాసు అందించింది. బయట నుంచి బన్నీ "మమ్మీ, లేటైతున్నది" అంటోంది.

బన్నీని బడిలో దింపి, ఆటో ఎక్కి దవాఖానాకు వెళ్లింది. రాహేలు పరీక్ష చేసింది. రెండు గీతలు. ఆశ్రిత బోనాల సంగతంతా చెప్పింది. రాహేలు తొమ్మిది గోలీలు మిగిలిన పట్టీనీ ఆమెనూ మార్చి మార్చి చూసింది.

"గివీ గవీ ఒకటే అని ఎవలు జెప్పిన్రు నీకు? మీ అత్తిచ్చినయి నెలను జరుపుతయి గంతే. కడుపు రాకుండ ఆపుతయని నమ్మనీకి లేదు. అటెన్క కూడ ఉత్తగనే కూసున్నవ్." గొంతు తగ్గించి అంది. "నువ్వు నీ గోలీలే ఆపకుండ, నడుమ వారం విడువకుండ, కొత్త పట్టీ అందుకున్నా అయిపోతుండె. బోనాలకు బయటయ్యేదానివి కావు, గీ ఫికరూ ఉండకపోతుండె. రెండు పనులూ గవే చేస్తుండె."

ఆశ్రితకు నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది.

"ఇప్పుడేం జెయ్యాలె సిస్టర్?"

"దినాలు తక్కువనే ఉన్నయి. పెద్ద దవాఖానకు చిట్టీ రాస్త, లేడీ డాక్టర్ చూస్తది. మూర్ఛల కాయితాలు తీస్కపో. ఉంచుకోవాల్నా వద్దా అన్నది నువ్వు జెప్పాలె, నేను జెప్ప."

"సంతకం అడుగుతరా? ఆయనది?"

"నీది సాలు" అంది రాహేలు. "కడుపు నీది, సంతకం నీది. గని రెండు మూడు దినాలు తిరగాల్సుంటది. ఇంట్ల ఎట్ల మరి?"

ఆశ్రిత లేచింది. చిట్టీ మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆటో గల్లీ మలుపు తిరిగేదాకా ఆమెకు కనిపించింది బన్నీ మొహమే. తను లేకపోతే ఆ పిల్ల ఎవరి పక్కన పడుకుంటుంది, ఆ పిల్ల తారీఖులకు ఎవరు సున్నాలు చుడతారు? బతకాలి. ఇంత గట్టిగా ఆమె ఏదీ ఎప్పుడూ అనుకోలేదు.

గుమ్మంలో విమలాదేవి పాలగ్లాసుతో నిలబడి ఉంది.

"ఏడికివోయినవ్ బిడ్డా గింతసేపు? ఎండల తిరగొద్దు. ఇగో, ముందుగాల గీ పాలు తాగు." చెంప నిమరడానికి చేయి చాపింది.

ఆశ్రిత ఒక మెట్టు వెనక్కి దిగింది.

"నన్ను ముట్టుకోకుండ్రి అత్తమ్మా. బయటైన."

చాపిన చేయి అక్కడే ఆగిపోయింది. విమలాదేవి కళ్లు కోడలి మొహం మీంచి పొట్ట మీదికి, మళ్లీ మొహం మీదికి వచ్చాయి. అట్లెట్లయితది అనాలంటే, ఎందుకు కాదో తనకెలా తెలుసో చెప్పాలి, చెబితే గాజుల డబ్బా సంగతీ చెప్పాలి. గ్లాసులో పాల మీద మీగడ కడుతోంది.

ఆశ్రిత ఆమెకు తగలకుండా పక్కకు ఒదిగి, మూడు రోజులు ఎవరూ పిలవని, ఎక్కడున్నావని అడగని మెట్ల పక్క గది తలుపు తీసింది. గోడకు ఆనించి ఉన్న చాప అందుకుంది. తలుపు వేసుకోబోతూ వెనక్కి తిరిగింది.

"పెన్సిలు ఆడ్నే ఉన్నది గద" అంది. "ఇయ్యాల్టి తారీఖుకు సున్నా చుట్టుండ్రి."