ఎర్ర అంచు చిక్కుడు

చిక్కుడు పాదులో చివరి తీగ పోయింది కార్తీక మాసంలో ఒక సోమవారం పొద్దున. రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. భువనేశ్వరి పెరటి తలుపు తీసి చూస్తే పందిరి కర్రకు ఒక కాడ మాత్రం వేలాడుతూ ఉంది. దాని పొడుగునా జిగురు చార మెరుస్తోంది.

అవి ఆమె భర్త యతిరాజులు దాచిన విత్తనాలు. కాయకు రెండు వైపులా ఎర్రటి అంచుండే ఆ చిక్కుడు ఏ అంగట్లోనూ దొరకదు. తల్లి ఇచ్చిన గింజను ఆయన చూలై పేటలోని ఆ పెరట్లో ముప్ఫై ఏళ్లు నిలబెట్టారు. వైశాఖంలో ఆయన పోయారు. ఆషాఢంలో భువనేశ్వరి బండివాడి దగ్గర రెండు గంపల నర్సరీ మట్టి కొని పాదు చేసి, డబ్బాలో ఉన్న గింజలన్నీ నాటేసింది. ఒక్కటీ దాచుకోలేదు.

వినాయక చవితి దాటాక కనబడ్డాయి, గుల్ల లేని నత్తలు. వేలెడంత పొడవు, నలుపు, తడిసిన తోలుముక్కల్లా ఉన్నాయి. ఆకుకూరలమ్మే మునియక్క గంప దించి చూసి, ఇవి మన ఊరివి కావనీ, ఎక్కడినుంచో మట్టితో దిగాయనీ, తనకు కూర ఇచ్చే మడులు రెండు ఇప్పటికే బోడి అయ్యాయనీ చెప్పింది. ఉప్పు చల్లమంది.

"ఏడాది తిరగలేదు మునియక్కా. సంవత్సరీకం అయ్యేదాకా ఈ ఇంట్లో ప్రాణం తియ్యము. ఏరి గోడవతల వదిలేస్తాను."

"అట్లయితే ఆకేసి అన్నం పెట్టమ్మా వాటికి. గోడవతల ఏస్తే పోతాయా? ఆడ కాపురం పెట్టి, పిల్లాజెల్లాతో మళ్ళా ఈడికే వస్తాయి."

అయినా భువనేశ్వరి ప్రతి పొద్దున వాటిని చేటలోకి ఏరి, గోడవతలి ఖాళీ స్థలంలో వదిలేది. ఆ నియమం అత్తగారిది. ఆయన కోసం చెయ్యడానికి ఆమెకు మిగిలిన పని అదొక్కటే. నెల తిరిగేసరికి ఖాళీ స్థలానికి ఆనుకున్న కన్నియప్పన్ పెరట్లో వంగమొక్కలు మోడులయ్యాయి. తరువాత వీధి చివరి ఇంటి బెండ పోయింది. ఇవి ఎక్కడినుంచి వస్తున్నాయని కన్నియప్పన్ అడిగితే ఆమె చేట గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సోమవారం, వేరైనా బతికి ఉందేమోనని పాదు తవ్వింది. మట్టిలో నానిన సగ్గుబియ్యంలాంటి గుడ్లు కుప్పగా ఉన్నాయి. వాటిని ఆమె ముందే చూసింది. శ్రావణంలో అంబత్తూరులో ఉన్న ఆడబిడ్డ వాసంతికి నాలుగు నారుమొక్కలు పాల కవర్లలో పెట్టి పంపింది. అప్పుడు ఆ పూసలను ఎరువు గుళికలనుకొని, మొక్కలకు బలమని, కవరుకొక గుప్పెడు ఎక్కువే వేసింది.

పదిగంటలకు ఫోన్ మోగింది. వాసంతి.

"వదినా, అన్న చిక్కుడు పూత పట్టింది. మా ఆయన పొద్దున్నుంచి ఆడనే నిలబడుకోనుండాడు. ఆఫీసుకి పో అంటే పోడు."

భువనేశ్వరి ఎన్ని తీగలని అడిగింది. నాలుగూ బాగున్నాయంది వాసంతి. తరువాత నవ్వుతూ చెప్పింది. "నల్లగా రెండు పురుగులు కూడా వచ్చినాయి వదినా. అన్న పోయి ఏడాది కాలేదు కదా, నేను చంపుతానా? ఎత్తి పక్కింటి పాలకూరలో వదిలేసినా."

భువనేశ్వరి రిసీవరు రెండో చేతికి మార్చుకుంది. చంపు, ఉప్పు చల్లు, మట్టంతా తవ్వి కాల్చు అని చెప్పాలి. చెబితే, ఆయన ఏడాదిలో ఆ పని ఆయన చెల్లెలి చేత చేయించినట్టు. గుడ్లు పంపింది తనేనని కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆ నాలుగు తీగలు పోతాయి. గింజ ఇంకెక్కడా లేదు.

"కాయ ముదిరేదాకా కొయ్యొద్దు," అని మాత్రం అంది. వాసంతి సరేనని పెట్టేసింది.

మధ్యాహ్నానికి వాన మళ్ళీ పట్టుకుంది. రెండుసార్లు ఆమె ఫోన్ దాకా వెళ్ళి వచ్చింది. వాసంతికి ఇంకా చెప్పలేదు.