కుడిచేతి క్లోజప్

స్ఫూర్తి సెట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. పడదా మరి! నడుము సన్నబడాలని తల్లి శారదాదేవి వారం నుంచి కీరా ముక్కలూ మజ్జిగా తప్ప ఏమీ పెట్టలేదు. సాయంత్రం ఫిల్మ్‌నగర్ ఫ్లాట్‌లో పిల్ల ఎడమచేతికి గ్లూకోజ్ ఎక్కుతోంది. రేపు సాయంత్రంలోగా బ్లడ్ రిపోర్టు చూపించకపోతే పెళ్ళికూతురి వేషం ఇంకో అమ్మాయికి ఇస్తానని నిర్మాత కబురు పెట్టాడు.

రక్తం తీయడానికి ల్యాబ్ నుంచి వచ్చిన హనుమంతు పిల్ల కుడిచెయ్యి పట్టుకోబోతే శారదాదేవి అతని చేతిమీద ఒక్కటి వేసింది.

"అది ముట్టుకోకు. రేపు పాణిగ్రహణం క్లోజప్. సూది మచ్చ పడితే మీ అబ్బ వచ్చి చెరుపుతాడా?"

"గ్లూకోజ్ ఎక్కే చెయ్యిల తీస్తే గా నీళ్ళే కలుస్తయ్ మేడమ్. షుగర్ తప్పు చూపిస్తది."

"షుగర్ నాకు. దానికి కాదు. తియ్యి."

హనుమంతుకి ఇంకా నాలుగిళ్ళు తిరగాలి. మారుమాట లేకుండా ఎడమచేతి నుంచే తీసుకుని పోయాడు.

తెల్లారేసరికి రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. షుగర్ ఆరువందలు. ఆ వెనకే ల్యాబ్ నుంచి ఫోను. శాంపిల్ మీద అనుమానంగా ఉంది, రెండో చేతి నుంచి మళ్ళీ తీయాలన్నారు. షాటయ్యాక చూద్దామని శారదాదేవి పెట్టేసింది. తన జబ్బే కూతురికీ వచ్చిందని తేల్చేసుకుంది. సాయంత్రానికి షుగర్ దిగితే మంచి రిపోర్టు చేతికొస్తుంది. ఫ్రిజ్‌లోంచి తన ఇన్సులిన్ తీసి, తను వేసుకునేదానికి రెండింతలు పిల్ల పొట్టలో పొడిచింది.

"ఆకలేస్తోందమ్మా. ఒక్క ఇడ్లీ."

"ఒంట్లో ఆరువందలు పెట్టుకుని ఇడ్లీ ఏంటే?"

జూబ్లీహిల్స్ బంగళాలో పెళ్ళిపందిరి వేశారు. పీటల మీద స్ఫూర్తికి చెమటలు ధారలు కట్టాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. శారదాదేవి తొడపాశం పెట్టి, నటన కెమెరా ముందు చెయ్యమంది. కెమెరా తిరిగింది. వరుడి చేతిలో పిల్ల వేళ్ళు గడగడా వణికాయి. డైరెక్టర్ రవిచంద్ర మురిసిపోయాడు. షాటు ఓకే అనేలోపే పెళ్ళికూతురు పక్కకి ఒరిగిపోయింది.

టచప్ చేసే దేవమ్మ కూల్‌డ్రింకు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. గ్లాసు పెదవికి తగిలీ తగలకముందే శారదాదేవి దాన్ని ఎగరగొట్టింది.

"చంపుతావుటే? దానికి షుగర్."

ఆస్పత్రిలో డాక్టరు కుడిచేతి నుంచి రక్తం తీశాడు. ఈసారి ఆపేవాళ్ళు లేరు. షుగర్ పదిహేడు. ఇన్సులిన్ ఎవరు వేశారని అడిగాడు. కాసేపటికి ఆయనే బయటికొచ్చి, పిల్ల ఇక లేవదన్నాడు.

శారదాదేవి చేతిలో ఫోను మోగింది. అవతల రవిచంద్ర.

"క్లోజప్ ముత్యంలా వచ్చిందండీ. చేతిమీద ఒక్క మచ్చ లేదు."